ముదురు నీలం గుడ్డ

మా అమ్మ తెల్లగుడ్డ తప్ప ఇంకేదీ కుట్టేది కాదు. ఆసుపత్రి నర్సుల కోట్లు, బడిపిల్లల చొక్కాలు, దిండు గలీబులు, ఏదైనా సరే తెల్లగా ఉంటేనే చేతిలోకి తీసుకునేది. రంగుబట్టలు పట్టుకొచ్చిన వాళ్లను పక్క వీధి టైలరు దగ్గరికి పంపేసేది. అందరూ ఆమెను తెల్లబట్టల టైలరమ్మ అనేవారు. తెలుపంటే ఈవిడకు పిచ్చి అనుకునేవారు.

సంగతి అది కాదు. అమ్మ తలలోనూ మోచేతుల మీదా ఎర్రటి మచ్చలు మందంగా కట్టి, వాటి నుంచి తెల్లటి పొట్టు రాలేది. తెల్లగుడ్డ మీద పడితే ఎవరికీ కనబడదు, దులిపేస్తే పోతుంది. నల్లగుడ్డ మీదయితే ఉప్పు చల్లినట్టు ఉంటుంది. చర్మం డాక్టరు దాన్ని సోరియాసిస్ అన్నాడు. ఎవరికీ అంటుకోదని కూడా చెప్పాడు. ఆయన ఇచ్చిన లేపనం రెండు పూటలా రాయాలి. పొద్దున రాస్తే గుడ్డకు జిడ్డు మరక అంటుతుందని అమ్మ పని ముగిశాక ఒక్కసారే రాసేది.

మిగతా బాధలన్నిటికీ అమ్మ దగ్గర జవాబులుండేవి. మడమ నొప్పి మిషను తొక్కడం వల్ల. పొద్దున్నే నడుము పట్టేయడం వంగి కత్తిరించడం వల్ల. గోళ్ల మీద చిన్న చిన్న గుంటలు పడితే దానికీ ఒకటి దొరికింది. సూది గుచ్చుకోకుండా అమ్మ నడిమి వేలికి ఒక ఇత్తడి టోపీ తొడుక్కునేది. దాని నిండా అలాంటి గుంటలే.

"టోపీ తొడిగీ తొడిగీ గోటికి దాని పోలికలే వచ్చాయి" అనేది.

"మరి టోపీ తొడగని వేళ్లకెందుకొచ్చాయే అక్కా?" అంది పిన్ని. మా ముగ్గురిలో నోరున్నది పిన్నికే. గుండీలూ కాజాలూ ఆమె పని.

"పక్కింటివాళ్లను చూసి నేర్చుకున్నాయి."

ఆ ఏడు బడి వార్షికోత్సవంలో పాట పాడే పిల్లల్లో నన్నూ నిలబెట్టారు, వెనక వరుసలో. అందరూ ముదురు నీలం గౌను వేసుకోవాలన్నారు. గుడ్డ కొన్నాం. పక్క వీధి టైలరుకిద్దామని నేను మెల్లగా అన్నాను. అమ్మ ముఖం మాడిపోయింది.

"నా కూతురి కొలతలు ఎవడో తీస్తాడా? ఊరందరికీ కుట్టిన చేతులు నీకు పనికిరాలేదా?"

"అది కాదమ్మా. పొట్టు..."

"మందు రాస్తున్నాగా. తగ్గనీ. తగ్గిన మర్నాడే కుడతాను. నా చేత్తోనే."

గుడ్డ పెట్టెలోకి వెళ్లింది. తెలిసిన అమ్మాయి దగ్గర పాత నీలం గౌను అడిగి తెచ్చుకుని పాడాను. అది భుజాల మీద నుంచి జారిపోతుంటే పాట అయ్యేదాకా పట్టుకునే ఉన్నాను. వేదిక కింద కూర్చున్న అమ్మ నా ముఖం చూడలేదు. ఆ భుజాలే చూసింది.

ఆ తర్వాతే అమ్మ నడిమి వేలు వాచింది. కణుపు దగ్గర మాత్రమే కాదు, మొదలు నుంచి కొస దాకా. ఇత్తడి టోపీ ఇక దానికి పట్టలేదు.

"అరటిపండులా ఉందే, ఒలిచి చూడనా?" అంది పిన్ని. అమ్మకు నవ్వూ నొప్పీ కలిసి వచ్చాయి.

కొన్నాళ్లకు బొటనవేలూ బిగిసింది. అమ్మ కత్తెర పిడికి మెత్తటి గుడ్డ చుట్టుకుంది. పొద్దున్నే వేళ్లు ముడుచుకోకపోతే వేడినీళ్ల గిన్నెలో పెట్టుకుని కూర్చునేది. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగేది. లేపనం చీటీ కోసం చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన తల చూసి, మోచేతులు చూసి అడిగాడు.

"కీళ్ల నొప్పులేమైనా ఉన్నాయా అమ్మా? నిద్ర లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయా?"

అమ్మ కుడిచెయ్యి ఒళ్లో సంచి కిందకు జరిగింది.

"అలాంటివేం లేవండి."

బయటకొచ్చాక ఎందుకలా చెప్పావన్నాను.

"చర్మం డాక్టరు కత్తెర నొప్పికేం చేస్తాడే? కుట్టు మానెయ్యమంటాడు, అంతే. నేను మానేస్తే ఆ నీలం గుడ్డ ఎవరు కుడతారు?"

చలికాలం వెళ్లిపోయింది. ఎండలూ వెళ్లిపోయాయి. మా దగ్గర కోట్లు కుట్టించుకునే నర్సమ్మ ఒకరోజు కొత్త కోటు వేసుకుని అద్దం ముందు నిలబడింది. అంచు దగ్గర పెట్టబోయిన గుండుసూది అమ్మ వేళ్లలోంచి జారింది. తీసింది. మళ్లీ జారింది. నర్సమ్మ ఆ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది.

"ఈ గోళ్లు ఎన్నాళ్ల నుంచి ఇలా ఉన్నాయక్కా?"

"అవి టోపీ గుంటలు నర్సమ్మా."

"టోపీ లేదు, గీపీ లేదు. మీ మోచేతుల మీదున్నదీ, ఈ వేళ్లలో ఉన్నదీ ఒకటే జబ్బులా ఉంది. డాక్టరుకు చెప్పారా?"

అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

నర్సమ్మే మమ్మల్ని కీళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఎక్స్‌రేను దీపానికి ఎదురుగా పెట్టి చూపించాడు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో కొందరికి అది కీళ్లలోకీ వస్తుందట. మడమ, నడుము, గోళ్లు, అన్నీ దాని పనేనట. మిషను తప్పేమీ లేదట.

"ఈ రెండు వేళ్ల కీళ్లూ పాడైపోయాయమ్మా. ఇవి మునుపటిలా వంగవు. మిగతావి కాపాడుకుందాం."

"కత్తెర పట్టుకోవచ్చాండీ?"

"మిషను మీద కుట్టుకోండి, మధ్యమధ్య చేతికి విశ్రాంతినిస్తూ. కత్తెర మాత్రం..." అని ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

వారానికొక్కసారి వేసుకునే మాత్ర రాశాడు. రోజూ వేసుకుంటే ప్రమాదమని గట్టిగా చెప్పాడు. రక్తపరీక్షలు చేయించమన్నాడు, షాపు బిళ్లలు సొంతంగా మింగొద్దన్నాడు, వేళ్లకు చిన్న చిన్న కసరత్తులు నేర్పించాడు. చర్మం డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడాడు. అమ్మ లేపనం పొద్దున కూడా రాయడం మొదలుపెట్టింది. అది ఇంకేదాకా కసరత్తులు చేస్తూ మిషనుకు దూరంగా కూర్చునేది. ఆదివారం మాత్ర ఇచ్చే బాధ్యత పిన్నిది.

"వారానికోసారైనా నా మాట వింటున్నావు, అదే పదివేలు" అనేది.

మందు పనిచేయడానికి చాలా రోజులు పట్టింది. ముందు మడమ నొప్పి తగ్గింది. తర్వాత మోచేతులు నునుపు తేలాయి. ఒక మధ్యాహ్నం అమ్మ పెట్టె తెరిచి నీలం గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. దాని మీదకు వంగి తల దులిపింది. ఏమీ రాలలేదు. మళ్లీ దులిపింది. చిన్నపిల్లలా నవ్వింది.

నేను పొడుగయ్యాను కాబట్టి కొలతలు మళ్లీ తీసింది. గుడ్డ చాలుతుందో లేదోనని అటూ ఇటూ మడిచి చూసింది. సుద్దను చూపుడువేలికీ బిగిసిన నడిమి వేలికీ మధ్య ఇరికించుకుని, వంకర లేకుండా గీతలు గీసింది. తర్వాత కత్తెర అందుకుంది.

బొటనవేలు పిడిలోకి వెళ్లింది కానీ వంగలేదు. ఎడమ చేత్తో కుడిచేతిని నొక్కిపట్టి ఒక కత్తిరింపు వేసింది. గుడ్డ నలిగింది, తెగలేదు. ఇంకొకటి వేసింది. అది గీత దాటి పక్కకు పోయింది. అమ్మ ఆ చీలిక వైపు కాసేపు చూసి, కత్తెర బల్ల మీద పెట్టి, చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"ఇలా రా."

"నేనా?"

"మరి మీ పిన్నా? అది కత్తిరిస్తే గౌనుకు మూడు చేతులొస్తాయి."

"నాకు వినబడుతోంది!" అంది పిన్ని వంటింట్లోంచి.

పిడికి చుట్టిన మెత్తటి గుడ్డ ఇంకా అలాగే ఉంది. నా వేళ్లకు అది వదులయింది.

"కత్తెర పైకెత్తకు. కింది అంచు బల్ల మీదే పాకాలి. పొడుగ్గా కొయ్యి, కొరకొద్దు. ఆఁ, అలా."

సగం దూరం వెళ్లేసరికి కళ్లలో నీళ్లు తిరిగి ఆగిపోయాను.

"ఏమయిందే?"

"గీత కనబడటం లేదమ్మా."

అమ్మ నా ముఖం వైపు చూడలేదు. గుడ్డనే చూస్తూ ఉంది.

"ముదురు గుడ్డ అంతే" అంది. "ఎవరికైనా అలాగే ఉంటుంది. కొంచెం కిటికీ దగ్గరికి జరుగు."