దేవుడి గూట్లో విత్తనబుర్ర

నేను ఒక సొరబుర్రను. నోరుంది గానీ మాట లేదు. ఉండి ఉంటే ఊరంతా ఉలిక్కిపడేలా కేక పెట్టేదాన్ని!

మొగులమ్మ ఇంటి కప్పు మీద తీగకు కాశాను. కూరకు కోయకుండా నన్ను ముదరనిచ్చి, ఎండబెట్టి, గుజ్జంతా గోకి, పచ్చజొన్న విత్తనం నింపింది ఆవిడ. మూతికి మట్టి మెత్తి కట్టెల పొయ్యి పైన దూలానికి వేలాడదీసింది. ఏటా తొలకరికి దింపడం, పంట కోశాక మళ్ళీ నింపడం. ఒళ్ళంతా మసి! ఆ పొగ వల్లే పురుగు నా దరికి రావడం లేదని ఎవరికీ తట్టలేదు. మొగులమ్మకూ తట్టలేదు. తన అత్త విత్తనబుర్రను వేలాడదీసిన చోటే తనూ వేలాడదీసింది, అంతే.

ఊరంతా పత్తికి మళ్ళాక ఆ విత్తనం మా ఇంట్లోనే మిగిలింది. ఇక మొగులమ్మ గీర చూడాలి! రెండేళ్ళ కింద పొరుగింటి సాయవ్వ వచ్చి దోసెడు గింజలు అడిగితే, "ఇయ్య. నువ్వు పాడుజేస్తే మల్ల యాడ దొరుకుతయి?" అని మొహం మీదే అనేసింది.

మొన్న చలికాలంలో గ్యాస్ పొయ్యి వచ్చింది. కోడలు స్వరూప, పాపం మంచి పిల్ల, నన్ను దింపి పీచుతో తోమి తోమి మసి వదిలించి దేవుడి గూట్లో పెట్టింది.

"ఈడైతే పదిలం అత్తమ్మా" అంది.

మొగులమ్మ మురిసిపోయింది. పటాలతో పాటు నాకూ రోజూ బొట్టు!

పెట్టండమ్మా, పెట్టండి! లోపల కరకర మొదలైంది. ముక్కపురుగు! గింజ గింజకూ చిల్లి పెడుతోంది. ఓరి నాయనో, నా కడుపులోని పిల్లల్ని పురుగు తినేస్తుంటే, అత్తాకోడళ్ళు నాకు దండాలు పెడుతున్నారు! ఇంత ఘోరం ఎక్కడైనా ఉంటుందా?

మృగశిర కార్తెలో వాన పడింది. మొగులమ్మ నా మూతి మట్టి పగలగొట్టి చాటలోకి వంచింది. బొలబొలా పిండి రాలింది. పిండిలో పాకుతూ పురుగులు. చెరిగింది, మళ్ళీ చెరిగింది. అన్నీ డొల్లలే. స్వరూప బిక్కచచ్చిపోయింది.

"అయ్యో, నా చేతులనే పోయిందిరా దేవుడా! ఇంక యాడ తేవాలె?" అని మొగులమ్మ చాట ముందే కూలబడి ఏడ్చింది.

ఏడుపు విని సాయవ్వ వచ్చింది. చాట చూసింది. ఇంటికి వెళ్ళి, కొంగు నిండా పోసుకొచ్చి మొగులమ్మ ఒడిలో గుమ్మరించింది. పచ్చజొన్న! నికార్సైన పచ్చజొన్న!

"యాడివే ఇవి?" మొగులమ్మ గింజల్ని వేళ్ళతో నలిపి చూసింది.

"నువ్వు చేను కోసినంక రాలిన కంకులు పరిగె ఏరుకున్న గదా వదినా. పోయిన తొలకరికి గట్టు పొంటి జల్లిన. పండినయి."

"అన్నీ నాకే పోస్తివి, మరి నీకో?"

"నాకేంది? నలుగురిండ్లల్ల ఇచ్చి పెట్టిన. ఒకరింట్ల పురుగు పడితే ఇంకొకరింట్ల ఉంటయి."

నాకు దిమ్మ తిరిగిపోయింది. ఈ ఊళ్ళో పచ్చజొన్న అంటే నేనేనని ఇన్నాళ్ళూ నిక్కుతూ వేలాడానే!

మొగులమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ గింజలు దోసిలి నిండా తీసి స్వరూప ఒడిలో పోసింది.

"మీ తల్లిగారింటికి పంపు బిడ్డా. ఆడ గూడ ఉండని" అంది.

ఇంకా తన చేలో ఒక్క గింజ పడలేదు. అప్పుడే పంచడమా! అదీ, దోసెడు గింజలకు 'ఇయ్య' అన్న మొగులమ్మ!