సూరిబాబు ఉన్న ఓడ

యోగిత రిమోట్ మీద ఆ బటన్ నొక్కిన ఆదివారం నుంచీ సింహాచలమ్మకి కడుపులో ఒకటే మంట. తిన్నది ఒంటబట్టడం లేదు, కన్నుమూస్తే నిద్ర పట్టడం లేదు. మొగుడు పోలరాజు అది గ్యాసేమో అనుకుని మందుల షాపు నుంచి మాత్రలు కూడా తెచ్చిచ్చాడు పాపం. మాత్రలకి పోయే మంటా అది!

సంగతేమిటంటే, ఉత్తరాదిలో ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఆ ఊళ్ళో, భుయ్యాడీహ్ అనే బస్తీలో, ఒక సందులో సింహాచలమ్మదీ బంగారమ్మదీ ఎదురెదురు ఇళ్ళు. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళిళ్ళయి వచ్చినవాళ్ళే. ఇద్దరి మొగుళ్ళూ ఒకే కాంట్రాక్టరు కింద చాకిరీ చేసినవాళ్ళే. కాకపోతే సింహాచలమ్మ సిద్ధగోరా బజారులో చేపల బుట్ట ముందు కూర్చుని బతికిన మనిషి. బీహారీలతోనూ బెంగాలీలతోనూ బేరాలాడి, తిట్టి, తిట్టించుకుని, హిందీని నోటికి పట్టించుకుంది. బంగారమ్మ గడప దాటింది తక్కువ. ఆవిడ హిందీ ఆలుగడ్డల దగ్గర మొదలై కొత్తిమీర దగ్గర అయిపోతుంది.

అలాంటి బంగారమ్మకి ఓడ సీరియల్ పిచ్చి పట్టింది. దాని అసలు పేరు 'ఆఖరీ కక్షా', అంటే చివరి కక్ష్య. దారి తప్పి ఆకాశంలో తిరుగుతున్న ఓడ ఒకటి, అందులో భూమికి రావాలని కొట్టుకులాడే మనుషులు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ఆ సందులో వాళ్ళందరూ ఎవరి టీవీల ముందు వాళ్ళు అతుక్కుపోయేవారు. బంగారమ్మ బొమ్మలు చూసేది. పక్కనే మంచం మీద కూర్చుని, ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరేమన్నారో తెలుగులో చెప్పే పని సింహాచలమ్మది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ సీరియల్లో మాట్లాడేది చేపల బజారు హిందీ కాదు. సగం సంస్కృతం, సగం ఇంగ్లీషు. సింహాచలమ్మకి అందులో సగం కూడా అందేది కాదు. అందలేదని ఒప్పుకునే రకమా ఆవిడ? అందని చోటల్లా అల్లేసేది. నోరు తిరగని పేర్లు తీసేసి తన పేర్లు పెట్టేసింది. కెప్టెన్‌ని నాయుడుగారన్నది. ఇంజన్లు చూసే పిల్లని లచ్చిమి అన్నది. ఉంగరాల జుట్టు కుర్రాడు సూరిబాబయ్యాడు. నాయుడికీ లచ్చిమికీ ఊరికే మాటామాటా వస్తుంటే కారణం తెలియక, వాళ్ళ మధ్య ఒక పొలం తగాదా కూడా పెట్టింది.

"ఆకాసంలో పొలవేటే?" అని బంగారమ్మ అడిగితే, "కిందనున్నప్పటిది వొదినా. పాత గొడవ," అని తడుముకోకుండా చెప్పింది.

మొదటి సీజన్ చివర్లో ఓడకి చిల్లు పడింది. సూరిబాబు ఆ చిల్లులోంచి బయటి చీకట్లోకి కొట్టుకుపోయాడు. ఆ ఏడే బంగారమ్మ పెద్దకొడుకు దుర్గాప్రసాద్ జ్వరమొచ్చి పోయాడు. తెర మీద ఆ కుర్రాణ్ణి చూసి బంగారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటే, సింహాచలమ్మ రెండో ఆలోచన చేయలేదు.

"ఏడకు వొదినా, ఆడు పోనేదు. ఇంకో ఓడొచ్చి ఎత్తుకెల్లింది. అందులో నిద్దరోతన్నాడు. వత్తాడు."

"నిజవేనేటి? ఎప్పుడొత్తాడే?"

"వత్తాడనే అంతన్నారు కదా."

అప్పటినుంచీ వారం వారం అదే అడగడం. సూరిబాబు కబురేమైనా ఉందా? ఎందుకుండదు, సింహాచలమ్మ దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. మొదట జాలిపడే చెప్పింది, కాదనడానికి లేదు. పోనుపోను ఆ మాట అడిగించుకోవడం కోసమే ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూడటం అలవాటైంది. ఒక మనిషి పనులన్నీ మానుకుని నీ నోటి వంకే చూస్తూ కూర్చుంటే ఆ సుఖమే వేరు. బజారు మానేసిన తర్వాత సింహాచలమ్మ వంక అలా చూసే మనిషి లోకంలో బంగారమ్మ ఒక్కతే.

ఇంతలో ఆ ఇంటికి కోడలొచ్చింది. బంగారమ్మ చిన్నకొడుకు మురళి పెళ్ళాం యోగిత. బాగ్‌బేరా రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగువాళ్ళ పిల్లే గాని తెలుగు కుంటుకుంటూ నడుస్తుంది. అత్త తెలుగులో అడిగితే కోడలు హిందీలో జవాబు చెప్తుంది, ఇద్దరూ చేతులతో సర్దుకుంటారు. ఈ కాపురం ఎలా సాగుతుందో చూద్దామని సింహాచలమ్మ లోలోపల సరదాపడింది కూడా.

ఒక ఆదివారం ఆ పిల్ల, "అత్తా, ఇందులో తెలుగు కూడా హై కదా," అంటూ రిమోట్ అందుకుంది. ఏదో నొక్కింది. అంతే, నాయుడుగారు నోరు తెరిచి చక్కటి తెలుగులో మాట్లాడేశాడు.

"ఒలమ్మో! నాయుడు తెలుగోడేటే!" అని బంగారమ్మ చప్పట్లు కొట్టింది. ఇంట్లో అందరూ పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారు. సింహాచలమ్మకి మాత్రం ఎవరో తన బుట్ట తన్నేసినట్టయింది.

మొదటి ఒకటి రెండు వారాలు ఇంకా కాస్త పని మిగిలింది. నాయుణ్ణి అందరూ అధిరాజ్ అంటున్నారేమిటని బంగారమ్మ అడిగితే, "అది ఓడలో పేరు," అని సర్దిచెప్పింది. ఆ తర్వాత అడగడం మానేసింది బంగారమ్మ. టీవీయే అన్నీ చెబుతుంటే ఇంకా ఈవిడెందుకు? మంచం మీద ఆ చోటులో ఇప్పుడు యోగిత కూర్చుంటోంది, కాళ్ళు మడుచుకుని, రిమోట్ ఒళ్ళో పెట్టుకుని. సింహాచలమ్మ వెళితే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేస్తుంది. "కూర్చోండి పిన్నీ," అంటుంది మర్యాదగా. ఇన్నేళ్ళ స్నేహానికి కుర్చీనా! చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి వేసినట్టు!

"ఆ గుంటకి తెలుగే రాదు. ఆ గుంట తెలుగు పెట్టింది సూడు!" అని ఇంటికొచ్చి మొగుడి మీద విరుచుకుపడింది.

"మంచిదే కదేటి? నీకూ నోరు నొప్పి తప్పింది," అన్నాడు పోలరాజు. ఆ పూట ఆయనకి మారు కూర పడలేదు.

ఆ వారం సందంతా ఒకటే గోల. రాబోయే భాగం ముక్క ఒకటి ముందే చూపించారు. అందులో ఓడ తలుపు మీద ఎవరో బయట నుంచి తడుతున్నారు. గాలి కూడా లేని చోట బయట నుంచి తలుపు తట్టేదెవరు? సందు చివరింటి కస్తూరమ్మ మనవరాలు సోనీ ఫోన్‌లో స్నేహితులతో పగలంతా వాదించుకుంటూనే ఉంది.

ఆదివారం పొద్దున్నే యోగిత సింహాచలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పిన్నీ, ఏక్ బాత్ పూఛూఁ? అత్త ఎప్పుడూ సూరిబాబు, సూరిబాబు అంటుంది. ఇంకో ఓడలో సో రహా హై అంటుంది. నేను పాతవి సబ్ చూశాను. ఆ అబ్బాయి తో చచ్చిపోయాడు. ఇవాళ అడిగితే క్యా బోలూఁ? మీరు అత్తకి ఏం ఏం చెప్పారో నాకు చెప్పండి. నేను కూడా అదే చెప్తాను."

సింహాచలమ్మ చెప్పొచ్చు. ఆ ఓడ రంగేమిటో, అందులో ఎవరున్నారో, సూరిబాబు ఎందుకింకా లేవలేదో, అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. కానీ అడుగుతున్నదెవరు? మంచం లాక్కున్నది చాలక, ఇప్పుడు కథ కూడా కావలసివచ్చిందా?

"నాకేటి తెల్సు?" అంది గిన్నెలు తోముతూనే. "నీ బటన్ని అడుగు. అది అన్నీ సెప్తాది కదా."

ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

చెప్పనీ, అనుకుంది సింహాచలమ్మ. ఆ పిల్ల నోటితోనే చెప్పనీ, వాడు చచ్చాడని. అప్పుడు చూద్దాం బంగారమ్మ ఎవరి ఒళ్ళో పడి ఏడుస్తుందో. ఏ మనిషి ఏడుపు చూడలేక ఇదంతా మొదలుపెట్టిందో, ఆ మనిషి ఏడుపు కోసమే ఇప్పుడు కాచుకుని కూర్చుంది. ఆ సంగతి తనకీ తెలిసి సిగ్గేసింది. అయినా సాయంత్రం అందరికంటే ముందు వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

గది నిండిపోయింది. సోనీ, కస్తూరమ్మ, ఇంకా వీధిలోని పిల్లా పెద్దా అంతా పెద్ద టీవీ ఉందని ఇక్కడికే చేరారు. తెర మీద ఓడలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. టక్. టక్. తలుపు మీద చప్పుడు. అప్పుడే పక్కింట్లో కుక్కర్ కూత పెట్టింది, గదిలో వాళ్ళందరూ ఎగిరిపడ్డారు. "బయట ప్రాణంతో ఉండేవాళ్ళెవరూ లేరు. తలుపు తియ్యకండి," అన్నాడు నాయుడు. లచ్చిమి వినలేదు. పిడి తిప్పింది. తలుపు కాస్త తెరుచుకుంది. ఆ సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి తలుపు అంచు పట్టుకుంది.

అక్కడికి ఆపేశారు దుర్మార్గులు.

గది గోలెత్తిపోయింది. "అరే యార్, యే క్యా బాత్ హుయీ!" అని సోనీ తలగడ విసిరేసింది. రోబో అని ఒకరు, కెప్టెన్‌ లాంటివాడే ఇంకొకడున్నాడని ఇంకొకరు. కస్తూరమ్మ దెయ్యమని తేల్చిపారేసింది. ఆ గోలలో బంగారమ్మ మంచం మీంచి లేచి నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

"మా సూరిబాబే! ఆడి సెయ్యే అది! వచ్చీసేడు!"

సోనీ పకపకా నవ్వింది. "కౌన్ సూరిబాబు, అమ్మమ్మా? వో ఉంగరాల జుట్టువాలా? వో తో కబ్ కా మర్ గయా!"

హిందీ రానివాళ్ళకి కూడా ఆ ఊళ్ళో మర్ గయా అంటే తెలుసు. దుర్గాప్రసాద్ పోయినప్పుడు ఆ రెండు మాటలే ఆస్పత్రి వార్డు బయట బంగారమ్మ చెవిన పడ్డాయి. ఆవిడ మెల్లగా మంచం మీద కూలబడింది.

"సచ్చిపోనాడా?"

కుర్చీలో సింహాచలమ్మ ముందుకి జరిగింది. ఇప్పుడు, ఇప్పుడు నా వైపు చూస్తుంది. నన్నే అడుగుతుంది. నాలిక చివర మాట సిద్ధంగా ఉంది.

బంగారమ్మ యోగిత వైపు తిరిగింది. "నువ్వు సెప్పే. పాతవన్నీ సూసేవు కదా. సచ్చిపోనాడేటి?" ఆవిడ చూపు కుర్చీ వైపు పొరపాటున కూడా రాలేదు.

యోగిత రిమోట్ పక్కన పెట్టింది. "లేదు అత్తా. సోనీకి తెలవదు. సూరిబాబు ఇంకో ఓడలో ఉన్నాడు. నిద్దర... నిద్దర పోతున్నాడు. వస్తాడు."

సింహాచలమ్మకి ఒళ్ళంతా భగ్గుమంది. నాది! ఆ పేరు నాది, ఆ ఓడ నాది, ఆ నిద్ర నేను పెట్టినది! నోరు తిరగని ఆ పిల్ల నోట్లో తన మాటలు కుంటుతూ నడుస్తుంటే, లేచి వెళ్ళి లాక్కోవాలనిపించింది.

"మరైతే ఏ ఓడే?" అంది బంగారమ్మ. గొంతులో నమ్మకం లేదు. "అది ఏ రంగుదో సెప్పు."

యోగిత కళ్ళు కుర్చీ వైపు తిరిగాయి. ఆ కళ్ళలో పొద్దుటి అలక లేదు, బతిమాలడమే ఉంది. సింహాచలమ్మ చెయ్యాల్సిందేమీ లేదు, ఊరుకుంటే చాలు. ఆ పిల్ల ఏదో ఒక రంగు అంటుంది, అది తప్పవుతుంది, సూరిబాబు చచ్చిపోతాడు, కోడలు అబద్ధాలకోరు అవుతుంది, బంగారమ్మ తనకి మిగులుతుంది. బంగారమ్మ కొంగు అందుకుంది. మెల్లగా నోటి దగ్గరికి తీసుకెళుతోంది.

"అరే బహూ!" అని కసిరింది సింహాచలమ్మ, తిడుతున్నట్టే, చేపల బజారు హిందీలో, గుక్క తిప్పుకోకుండా. "పీలా బోల్ నా, పీలా! ఏక్ బుఢియా హై ఉస్‌మే, వహీ జగాకే భాత్ ఖిలాతీ హై, ఫిర్ సులా దేతీ హై!"

ఆ వేగానికి బంగారమ్మకి ఒక్క ముక్క కూడా అందలేదు. యోగితకి అందింది.

"పసుపు ఓడ, అత్తా," అంది. "అందులో ఒక ముసలమ్మ ఉంది. ఆమె లేపి అన్నం పెడుతుంది. మళ్ళీ పడుకోబెడుతుంది."

బంగారమ్మ చేతిలో కొంగు జారిపోయింది. పెద్దగా ఊపిరి విడిచింది.

"అదే. అదేనే. పసుపుదే," అంది. కోడలి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఒకసారి తట్టి, మళ్ళీ తట్టింది. "ఈ గుంట అన్నీ సూసింది. దీనికి అన్నీ తెల్సు."

ఆ సాయంత్రం మొత్తం మీద అప్పుడు, మొదటిసారి, ఆవిడ కుర్చీ వైపు తిరిగింది. కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. తెలియని మనిషికి మంచి కబురు చెబుతున్నట్టు ఒంగి, గొంతు పెంచి చెప్పింది.

"ఇన్నావేటి సింహాచలం? సూరిబాబు వత్తాడంట."

"ఇన్నాను వొదినా," అంది సింహాచలమ్మ.