అద్దంలో కుండీలమ్మ

కత్తెరాయన సెలూన్లో టీవీ వెనక గోడకు ఉంటుంది. దాని కిందే బెంచీ. కుర్చీలో ఉన్నవాడైనా, బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాడైనా టీవీ చూడాలంటే ఎదురుగా ఉన్న పెద్ద అద్దంలోనే చూడాలి. అందులో అక్షరాలన్నీ తిరగబడి కనిపిస్తాయి కాబట్టి కింద ఏం రాశారో చదివే శ్రమ ఎవరూ పెట్టుకోరు. టీవీకి సౌండు కూడా ఉండదు. రేడియోలో పాటలొస్తుంటాయి, క్లిప్పర్ రొద ఎలాగూ ఉంది, ఇంక ఇదొకటెందుకని ఆయనే కట్టేశాడు. బొమ్మ మాత్రం కదులుతుంటుంది. తల అప్పగించి కూర్చున్నవాడికి అంతకంటే ఏం కావాలి?

వారానికో పొద్దున ఆ అద్దంలోకి కుండీలమ్మ వచ్చేది. ఊళ్ళోని చిన్న ఛానల్ వేసే మొక్కల ప్రోగ్రాం అది. పెద్ద అంచుల టోపీ, ఆకుపచ్చ ఏప్రన్, మొహానికి దట్టంగా మేకప్, చుట్టూ కుండీలు. ఆవిడ పేరు కింద పడేది గానీ అది తిరగబడిన అక్షరాల్లోనే ఉండిపోయింది. సెలూన్లో అందరికీ ఆవిడ కుండీలమ్మే. ఆవిడ కత్తెరాయన భార్య అని మాత్రం వాళ్ళలో ఒక్కడికీ తెలియదు.

తెలియనివ్వొద్దని ఆవిడే చెప్పింది. "మీ ఆవిడనని తెలిస్తే మొహమాటానికి బ్రహ్మాండం అంటారు. నాకు నిజం కావాలి. నన్ను నేను టీవీలో చూసుకోలేను, సిగ్గుతో చచ్చిపోతాను. వాళ్ళేమంటున్నారో విని వచ్చి చెప్పండి, చాలు." గుట్టు బయటపడకుండా ఆవిడ షాపు గడప కూడా తొక్కేది కాదు. ఆయన షాపులో చెవులు రిక్కించి విని, ఇంటికెళ్ళి పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చెప్పేటప్పుడు కాస్త గర్వంగా కూడా ఉండేది. టీవీలో ఉన్నది ఆవిడే అయినా, జనం నాడి పట్టింది తనే కదా.

అసలు ఆవిడ నర్సరీలో మొక్కలమ్మేది. ఒకరోజు ఎవరో ఎండిపోయిన గులాబీని తెచ్చి మీరిచ్చిన మొక్కే మంచిది కాదన్నారు. ఆవిడ కుండీలో వేలు పెట్టి చూసి, ఆ మనిషిని నిలబెట్టి కడిగేసింది. "నీళ్ళు పొయ్యమన్నానా, ముంచమన్నానా? నీ తలని బకెట్లో పెట్టి నొక్కితే నువ్వు పూస్తావా?" వెనకాల తులసి మొక్క పట్టుకుని నిలబడ్డ కుర్రాడొకడు పగలబడి నవ్వాడు. అతనే ఛానల్ డైరెక్టరు. ఆ వారమే ఆవిణ్ణి కెమెరా ముందు నిలబెట్టి, ఇప్పుడు కూడా అలాగే తిట్టమన్నాడు.

సెలూన్లో మొదటి తీర్పు బస్సు డ్రైవరు ఇచ్చాడు. "ఎందుకంత చిరాకు ఆవిడకి? మొగుడితో పోట్లాడి వచ్చినట్టుంది." కత్తెర గాల్లోనే ఒక్క క్షణం ఆగింది. ఆ మాట ఇంటికి చేరింది. తర్వాతి వారం నుంచి ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ తిట్టడం కుదరదు కాబట్టి తిట్లు తగ్గించింది. "చేతులలా ఊపుతుందేంటి, ఈగలు తోలుతున్నట్టు," అన్నాడు టైలరు. ఆవిడ చేతులు కట్టుకుంది. "వంగి వంగి మనకు వీపే చూపిస్తోంది," అన్నాడు రిటైరైన లెక్కల మాస్టారు. నేల మీది కుండీలన్నీ టేబుల్ ఎక్కాయి. "నోరు అంతలా తెరవాలా?" అని ఇంకెవరో అన్నారు. ఆవిడ పెదవులు దగ్గరగా పెట్టుకుని మాట్లాడటం నేర్చుకుంది. ఇవన్నీ అయ్యాక బెంచీ మొత్తం ఏకగ్రీవంగా ఒప్పుకుంది, కుండీలమ్మ చాలా బాగుపడిందని. ఆ కబురు మోసుకెళ్ళిన రోజు కత్తెరాయన కాళ్ళు నేల మీద లేవు.

అలాంటి సమయంలో డైరెక్టరు పిడుగులాంటి మాట చెప్పాడు. ఆవిడ ఇంటికొచ్చి, సంచి కూడా దింపకుండా వంటింటి గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"ప్రోగ్రాం ఆపేస్తారట. రేపటి రికార్డింగు బాగా వస్తే సరే, లేకపోతే ఆ టైములో వంటలు పెడతారట."

"అదేంటి? అందరూ మెచ్చుకుంటుంటే!"

"ఎవరూ మెచ్చుకోవట్లేదటండీ. మొదట్లో ఆఫీసు ఫోను ఆగకుండా మోగేదట. నేను తిట్టానని అలిగినవాళ్ళున్నారట, మా పెరడు కూడా చూసి తిట్టమని అడిగినవాళ్ళున్నారట. ఇప్పుడసలు ఫోన్లే లేవు. ఎప్పుడైనా ఎవరైనా చేసినా, ఆ పాతావిడ ఏమైంది, ఎందుకు తీసేశారు అని అడుగుతున్నారట."

"పాతావిడెవరు?"

"నాకేం తెలుసు? మొదట్నుంచీ నేనే కదా చేస్తున్నది." ఆవిడ సంచి కింద పెట్టి స్టూలు మీద కూలబడింది. "మీ షాపులో వాళ్ళేమో బాగుపడ్డానంటారు. వీళ్ళేమో నన్ను తీసేశారనుకుంటున్నారు. ఎవరి మాట నమ్మాలి నేను?"

రేపు ఆవిడ కెమెరా ముందు నిలబడి ఏం చెయ్యాలో ఈ రాత్రికల్లా తేలాలి. ఆ ప్రోగ్రాం పోతే ఆవిడ మళ్ళీ నర్సరీకి వెళ్ళగలదు, ఇల్లు గడవకపోదు. కానీ టోపీ పెట్టుకుని బయల్దేరే రోజు ఆవిడ మొహంలో వచ్చే వెలుగు ఆయనకు తెలుసు. అది ఆరిపోతే చూడలేడు. "రికార్డింగు సాయంత్రం కదా. పొద్దున మా వాళ్ళని సరిగ్గా అడుగుతాను, ఈసారి గట్టిగా అడుగుతాను," అని మాటిచ్చాడు.

అడిగాడు కూడా. తెల్లారి ప్రోగ్రాం మొదలవగానే, కుర్చీలో ఉన్న మాస్టారి మెడకు గుడ్డ చుడుతూ, ఏమీ ఎరగనట్టు బెంచీని కదిపాడు. "ఇంతకీ ఈ కుండీలమ్మలో మీకు నచ్చేదేంటి?"

"తరగడం," అన్నాడు టైలరు ఆలోచించకుండా. "ఆకులు ఎంత సన్నగా తరుగుతుందో చూడు. వంటంటే అలా ఉండాలి."

"వంటేంటి?" అన్నాడు డ్రైవరు. "అది కుండీలమ్మే ప్రోగ్రాం. మా ఆవిడ ఒకటి కొంటానంటే ఫోన్ నంబరు కోసం చూస్తున్నా. ఎక్కడా వెయ్యడే."

"ఏదైతేనేం," అన్నాడు మాస్టారు కళ్ళు మూసుకునే. "ఆవిణ్ణి చూస్తే నాకు హాయిగా నిద్రొస్తుంది. డాక్టరు మాత్రకు కూడా రాదు."

కత్తెరాయన నోరెళ్ళబెట్టాడు. ఇంతకాలం వీళ్ళ తీర్పులనే కదా తను ఇంటికి మోసింది. ఒకే అద్దంలో ఒకే మనిషిని చూస్తూ ఒకడు వంటంటాడు, ఒకడు బేరమంటాడు. వీళ్ళకు మతి పోయిందా, తనకే పోయిందా అన్నది ఆయనకు అంతుబట్టలేదు.

అప్పుడే తలుపు తీసుకుని ఆవిడ లోపలికొచ్చింది.

టోపీ లేదు, మేకప్ లేదు. భుజాన సంచి, మెట్లు ఎక్కిన ఆయాసం. కత్తెరాయనను ఎరగనట్టే బెంచీ చివర కూర్చుంది. "మా అబ్బాయి కటింగుకొస్తానన్నాడు, కాసేపు కూర్చుంటాను," అంది. వాళ్ళకు అబ్బాయి లేడు. టైలరు మర్యాదగా జరిగి చోటిచ్చాడు. అద్దంలో ఆవిడ మొహం, దానికి పైన టీవీలో ఆవిడ మొహం, రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయి. చూసినవాడు కత్తెరాయన ఒక్కడే.

ఆవిడ కాసేపు అద్దంలోకి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి టీవీ వైపు చూసింది. మళ్ళీ అద్దంలోకి చూసింది.

"దీనికి సౌండు లేదా?" అంది.

"ఎప్పుడూ లేదమ్మా," అన్నాడు డ్రైవరు. "మాటలతో పనేముంది?"

ఆవిడ లేచి కుర్చీ దగ్గరకు వచ్చింది. మాస్టారు అప్పటికే కునుకులో ఉన్నాడు. బెంచీకి వినపడనంత మెల్లగా, పళ్ళ బిగువున అడిగింది. "ఎప్పట్నుంచి?"

"రేడియో ఉందిగా, ఈ మిషను రొద కూడా..." అని మొదలుపెట్టి ఆయన ఆగిపోయాడు. ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఆ మాట చెప్పడం చేతకాలేదు. "మొదటి వారం నుంచి. నువ్వు ఎవరినో తిట్టడం మొదలుపెట్టీపెట్టగానే ఈ టైలరు నీ గొంతుతో మాట్లాడి చూపించాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కట్టేశాను."

"వెక్కిరించాడా? ముచ్చటపడ్డాడా?"

"అడగలేదు."

"అయితే ఇన్నాళ్ళూ మీరు నాకు చెప్పిందంతా, ఆ తర్వాత నా మాట ఒక్కటి కూడా వినని వాళ్ళ మాటన్నమాట."

ఆవిడే చెయ్యి చాపి, దువ్వెనల పక్కనున్న రిమోట్ తీసుకుని మీట నొక్కింది. ఆ మొదటి వారం తర్వాత సెలూన్లోకి మళ్ళీ ఇప్పుడే కుండీలమ్మ గొంతు వచ్చింది. మెత్తగా, పొడిగా, ఒకే స్థాయిలో, అమర్చిన నవ్వు లోపలి నుంచి. "ఇలా చేసినచో మొక్కలు చక్కగా ఎదుగును. మీరు కూడా ప్రయత్నించగలరు."

బెంచీ ఇబ్బందిగా కదిలింది. "కట్టెయ్యవయ్యా," అన్నాడు టైలరు. "ఇంత చప్పగా మాట్లాడుతోందేంటి ఈవిడ? మాట లేనప్పుడే నయం."

కత్తెరాయన మాత్రం క్లిప్పర్ ఆపేసి వింటున్నాడు. మాస్టారి తల సగం పనయింది, సగం అలాగే ఉంది. తనకు తెలిసిన మనిషి కోసం ఆ గొంతులో ఎంత వెతికినా దొరకలేదు. "ఇవి నీ మాటలు కావు," అన్నాడు చివరికి, గొణిగినట్టు.

"కావు," అందావిడ. "మీ కస్టమర్లవి."

ఆ మాట ఆయనకు తగలవలసిన చోటే తగిలింది. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. అలా అయినా బాగుండేదనిపించింది ఆయనకు.

"పోనీ ఈ బెంచీని వదిలెయ్యండి. మీరు చెప్పండి. నేను తిడుతుంటే మీకెలా ఉంటుంది?"

"ఏమో," అన్నాడాయన. అబద్ధం చెప్పాలనుకున్నాడు, నోరు రాలేదు. "ఆ ఒక్క ముక్క తప్ప నేనూ వినలేదుగా."

ఆవిడ ఏం చెయ్యాలో తోచనట్టు చూపు అటూ ఇటూ తిప్పింది. కిటికీ దగ్గర ఒక కుండీ, అందులో సగం పండిపోయిన మొక్క, దాని కొమ్మ మీద ఆరేసిన తడి తువ్వాలు ఆవిడ కంట పడ్డాయి. అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమండీ షాపాయనా, ఇది మొక్కా, దండెమా?" చేతులు గాల్లోకి లేచాయి. "మీ భుజం మీద తడిగుడ్డ వేసి కిటికీలో నిలబెడతాను, ఎన్నాళ్ళు పచ్చగా ఉంటారో చూద్దాం. మట్టి చూడండి, రాయిలా అయింది. పొద్దస్తమానం ఎదురుగానే ఉంటుంది కదా, ఒక్కసారైనా దీని మొహం చూశారా? గొంతు తడిపారా? మాట్లాడటం రాదని ఊరుకుందనుకున్నారా?" వంగి, అందరికీ వీపు చూపించి, గోళ్ళతో మట్టి గుల్ల చేసింది. ఎండిన ఆకులు తుంపి ఆయన జేబులో కుక్కింది. టైలరు వైపు తిరిగి, "నవ్వుతారేంటి? మీ ఇంట్లో ఉన్నది మాత్రం బతికుందా?" అని అడిగింది. టైలరు గబుక్కున తల వంచుకుని, "లేదమ్మా, పోయింది," అన్నాడు. షాపంతా నవ్వింది. ఆవిడ తువ్వాలు తీసి కత్తెరాయన చేతిలో పెట్టి, సంచి తగిలించుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

కత్తెరాయన ఆ తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. అవి మొక్క గురించి తిట్టిన తిట్లో, తన గురించి తిట్టినవో ఆయనకు తేలలేదు. సిగ్గేసింది. అయినా ఒంట్లో ఎక్కడో హాయిగా ఉంది. ఇంకాసేపు తిడితే బాగుండునని మనసు పీకుతోంది.

మాస్టారి నిద్ర పూర్తిగా వదిలిపోయింది. సగం జుట్టుతో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మాట్లాడితే అలా మాట్లాడాలయ్యా. ఆ టీవీలో ఉన్నావిణ్ణి తీసేసి ఈవిణ్ణి పెట్టొచ్చు కదా. రోజూ చూస్తాను నేను."

"నేనూ చూస్తాను," అన్నాడు టైలరు.

"ఆవిడ మా ఆవిడే మాస్టారూ," అన్నాడు కత్తెరాయన.

మాస్టారు అద్దంలోంచి ఒకసారి ఆవిడ వెళ్ళిన తలుపు వైపు, ఒకసారి టీవీలో చేతులు కట్టుకుని నవ్వుతున్న మనిషి వైపు చూశాడు.

"ఏ ఆవిడ?" అన్నాడు.