తిన్నగా మాత్రమే నడిచే ట్రాక్టర్

మా ఆయన నితీష్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అంటే లోకంలో ఏ వస్తువునైనా రెండు వీడియోలు చూసి బాగు చేసేయగలనని ఆయనగారి నమ్మకం.

పుప్పాలగూడలో మా అత్త కిష్టమ్మకు చిన్న నర్సరీ, దాంతోపాటు పక్కనున్న ఐటీ క్యాంపస్‌లో లాన్ కోసే కాంట్రాక్టూ ఉన్నాయి. ఆ లాన్ ఒకప్పుడు ఆమె జొన్నచేను. చేను అమ్ముడుపోయింది, అద్దాల మేడలు లేచాయి. అయినా ఆమె గడ్డి కోసే చిన్న ట్రాక్టరెక్కి రోజూ ఆ నేల మీదికే పోతుంది. వయసు అరవై దాటినా వేరే డ్రైవర్‌ను పెట్టనివ్వదు.

ఆ ట్రాక్టరూ ముసలిదైంది. స్టీరింగ్ పావు చుట్టు తిప్పినా ముందు చక్రాలు కదలవు. సోమవారం తనిఖీలోగా బాగు చేయించకపోతే కాంట్రాక్టు రద్దేనని క్యాంపస్ సేఫ్టీ ఆఫీసర్ యజ్ఞనారాయణ చెప్పేశాడు.

"స్టీరింగ్ పెట్టెల చక్రం పండ్లు అరిగినయ్. మా నాయినతోని కొత్తది చేపిద్దాం," అన్నాను. మా నాన్నకు బాలానగర్‌లో ఇనుప భాగాలు చెక్కే లేత్ ఉంది. నేను పెరిగిందే ఆ ఇనుప పొట్టు మధ్య.

"జర ఊకో రోహిణీ. గంతదానికి బాలానగర్ దాకా ఎందుకు? స్క్రూ టైట్ జేస్తే ఐపాయె!" అన్నాడు నితీష్.

శనివారమంతా గ్రీజు చేతులతో సెల్ఫీలు దిగుతూ స్టీరింగ్ పెట్టె విప్పాడు. కడిగాడు, కొత్త బేరింగులు వేశాడు. అంతవరకు బాగానే ఉంది. అరిగిన పళ్ల చక్రాన్ని మాత్రం మళ్లీ అలాగే కూర్చోబెట్టి స్క్రూ బిగించాడు. ట్రాక్టర్ ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి దాని పళ్లు నడిమధ్య అరుగుతాయి, అంచుల్లో కొత్తగానే ఉంటాయి. మధ్యలో వదులు పోయేలా బిగిస్తే, అంచుకు తిప్పగానే పట్టేస్తుంది. ఆ మాట చెప్పబోతే "పరేషాన్ జెయ్యకు" అన్నాడు. మహానుభావుడు!

ఇక పరీక్ష. మా గల్లీలో రెండు పక్కలా కార్లే, తిప్పడానికి చోటెక్కడ? ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా నడిపి, ఇరుగుపొరుగుతో చప్పట్లు కొట్టించుకున్నాడు. వీళ్ల ఆఫీసుల్లోనూ ఇదే వరస. పనిచేసే ముక్క ఒక్కటే చూపించి డెమో అయిందనిపిస్తారు. మిగతాది వాడేవాళ్ల ఖర్మ.

సోమవారం అత్త ట్రాక్టర్‌కు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి క్యాంపస్‌కు తెచ్చింది. అక్కడ నితీష్ ఎక్కి, బాట మీద తిన్నగా పోయి, తిప్పకుండా రివర్స్‌లోనే వెనక్కి వచ్చాడు. యజ్ఞనారాయణ గారు నీడలోంచి అడుగు కూడా కదపలేదు.

"బ్రహ్మాండంగా ఉందండీ. పాస్!"

ఇద్దరికిద్దరూ సరిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. లాన్ చివర దిగువకు వాలు, ఆ వాలు కింద నీళ్ల గుంట. రేపు అక్కడ మలుపు తిప్పాల్సింది వీళ్లిద్దరూ కాదు, మా అత్త. చరచరా పోయి ట్రాక్టరెక్కాను. ఆఫీసర్ కళ్లముందే స్టీరింగ్‌ను కుడికి చివరిదాకా తిప్పాను. బిగుసుకుపోయింది. రెండు చేతులా గుంజినా వెనక్కి రాలేదు.

"అయ్యబాబోయ్, ఇదేంటమ్మా! లాభం లేదండీ. కాంట్రాక్టు వేరేవాళ్లకి ఇచ్చేస్తాం. ఏమీ అనుకోకండి."

నితీష్ తలొంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. చూసుకో నాయనా, ఇంకో వీడియో చూసుకో! నేను గర్వంగా దిగి అత్త వైపు తిరిగాను. ఆమె ప్రాణం కాపాడాను కదా.

"నాకు ఎరుకలేదనుకున్నవా?" అంది అత్త మెల్లగా. "పొద్దుగాల్నే తిప్పి చూసిన. గా గుంట మూలకు పోకుంట కోసుకుంటుంటి."

"పట్టేస్తే గుంటల పడుతుంటివి అత్తమ్మా!"

"పడితే నా చేన్లనే పడుతుంటి గద బిడ్డా. నిన్నెవలు తిప్పుమన్నరు?"

ఆమె చెప్పులు విడిచి లాన్‌లోకి దిగింది. సెక్యూరిటీ అతను ఈల వేసి, "ఓ అమ్మా, గడ్డి మీద నడువొద్దు, బయటకు రా!" అని అరిచాడు. ఆమె వినిపించుకోకుండా నడిచిపోతూనే ఉంది. నేను ఆ చెప్పులు చేతిలోకి తీసుకుని నిలబడ్డాను.