నెత్తి మీద తెల్లమచ్చ

లెక్కల ట్యూషన్ మాస్టారికి తెలియని విషయం లేదు. ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని అర్థం. అంతటి మహానుభావుడి చెయ్యి ఆ వేసవిలో కోళ్ల మీద పడింది.

పాపం, కోరింది భార్యే. ఆవిడ ప్రాణంగా పెంచుకున్న నల్లపెట్ట ముసలిదైపోతోంది. అది పోయేలోగా దాని కడుపున పుట్టిన ఒక్క పెట్ట ఇంట్లో మిగిలితే చాలనుకుంది. చిక్కంతా ఇంటి ఓనరుతోనే. పుంజు కూత చెవిన పడితే కోళ్లూ ఉండవు, మీరూ ఉండరని మెట్ల మీద నిలబడి మరీ చెప్పాడు.

"ఓస్, ఇంతేనా?" అన్నారు మాస్టారు. "గుడ్డులోంచి బయటపడ్డ రోజే ఏది పుంజో ఏది పెట్టో చెప్పేస్తా, చూస్తూ ఉండు."

ఆయన ఎక్కడో చదివారు. ఈకల మీద అడ్డగీతలున్న పెట్టను గీతల్లేని నల్లపుంజుతో జత కడితే, నెత్తి మీద తెల్లమచ్చ ఉన్న పిల్లలన్నీ పుంజులు, లేనివన్నీ పెట్టలు. బంగారంలాంటి సూత్రం. కాకపోతే వీళ్ల పెట్టకు గీతల్లేవు. గీతలున్నది బావమరిది పుంజుకి. వడ్రంగి పని చేసుకునే ఆ బావమరిది ఆ మాటే అడిగాడు.

"తల్లికి ఉండాల్సినవి తండ్రికున్నాయి కదా బావా, పర్లేదా?"

"రెండు మూళ్లెంత?"

"ఆరు."

"మూడు రెళ్లు?"

"ఆరే."

"మరి నోరు మూసుకో."

ఏళ్ల తరబడి ఎక్కాలు చెప్పిన నోరాయె. అటుది ఇటు మారిస్తే జవాబు మారుతుందన్న అనుమానం దానికెందుకొస్తుంది? తండ్రికి గీతలుంటే ఆడా మగా తేడా లేకుండా పిల్లలన్నిటికీ మచ్చ వస్తుందని కింది పేరాలోనే రాసుంది. అంతదాకా చదవడానికి ఆయనేమన్నా విద్యార్థా? నల్లపెట్టను బుట్టలో కూర్చోబెట్టి బావమరిది దొడ్లోకి కాపురానికి పంపారు.

అది తిరిగొచ్చి పొదిగితే తొమ్మిది పిల్లలు లేచాయి. తొమ్మిదింటికీ మచ్చ.

ఇంకొకరైతే సూత్రాన్ని అనుమానించేవారు. మాస్టారు ప్రకృతిని అభినందించారు. "తొమ్మిదీ పుంజులే! ఐదువందల పన్నెండింట ఒక్కసారి జరిగే విడ్డూరం!" అని ట్యూషన్ పిల్లల చేత ఆ లెక్క చేయించారు కూడా.

నెల తిరక్కుండా నల్లపెట్ట చచ్చిపోయింది. ఆవిడ అన్నం ముట్టలేదు. కోడిపిల్లల్లో ఒక కుంటిది ఆవిడ కాళ్లకు అడ్డం పడుతూ తిరిగేది, కూర్చుంటే ఒళ్లోకెక్కి పడుకునేది.

"దీన్నొక్కదాన్నీ ఉంచండి" అంది భర్తతో. "గొంతు విప్పిన రోజున నేనే పంపించేస్తా."

"గొంతు విప్పితే ఓనరు మనల్ని పంపించేస్తాడు. మచ్చ కనిపిస్తోందా, లేదా?"

"కనిపిస్తోంది."

"ఇంకేం? నువ్వేడిస్తే పుంజు పెట్టయిపోతుందా?"

కాదు గదా. ఆవిడ కళ్లు తుడుచుకుంది. తొమ్మిదీ వడ్రంగి దొడ్డికి చేరాయి.

చలికాలం వెళ్లిపోతుండగా బావమరిది సంచీ పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. ట్యూషన్ పిల్లల ముందే దాన్ని బల్ల మీద విప్పాడు.

"బావా, మీ పుంజులు గుడ్లు పెడుతున్నాయి!"

పిల్లలు పగలబడి నవ్వారు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని, "వేరే కోళ్లవయ్యుంటాయి" అన్నారు.

"మా ఇంట్లో వేరే పెట్టలెక్కడివి బావా?"

ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "ఒరేయ్, నా కుంటిదో? అదీ పెట్టేనా? ఉండు, నీతోనే వస్తా, తెచ్చేసుకుంటా."

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. అక్క మొహం చూడలేక గుడ్ల వైపు చూశాడు.

"పుంజన్నారు కదక్కా... కుంటిది ఎందుకూ పనికిరాదని మొన్న చుట్టాలొస్తే కోసేశాం. కోశాక చూస్తే కడుపునిండా గుడ్లు."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు ఏదో వివరించడానికి నోరు తెరిచారు. ఆవిడ ఆయన వైపు చూడనైనా చూడలేదు. గుడ్లన్నీ ఒక్కొక్కటే సంచీలో పెట్టి తమ్ముడి చేతికిచ్చింది.

"నీ తప్పేం లేదురా" అంది. "నువ్వూ నాలాగే ఈయన మాట నమ్మావు."