వరండా అంత ఎత్తు బండి

మా ఆయన బీమా కంపెనీ తరఫున దెబ్బతిన్న బండ్లను చూసి, ఏ భాగం ఎంత పాడైందో రాసిచ్చే ఉద్యోగం చేస్తాడు. తెల్లారితే నుజ్జయిన బంపర్లు, పగిలిన అద్దాలు, లోపలికి పోయిన తలుపులు. అలాంటి మనిషి కొత్త బండి కొంటే ఎలా ఉంటుందో నేను ముందే ఊహించి ఉండాలి. ఊహించలేదు. పెళ్ళినాటికి ఆయనకో సైకిలుండేది. దాన్ని కూడా రోజూ తుడిచేవాడు. అప్పుడు నాకది మంచి లక్షణంలా కనిపించింది.

ఆయన కొన్నది మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఎస్‌యూవీల్లో నడిమి సైజు. ఫోర్ వీల్ డ్రైవ్. మామూలు బండ్లలో రెండు చక్రాలే లాగితే ఇందులో నాలుగూ లాగుతాయి. ఈ సంగతి ఆయన నాకు చెప్పాడు, వాళ్ళమ్మకి చెప్పాడు, గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయిని నిలబెట్టి మరీ చెప్పాడు. గేరు పక్కన గుండ్రటి మీట ఒకటుంది, దాన్ని తిప్పితే చాలట. ఏదీ, తిప్పి చూపించండి అంటే మాత్రం "అవసరం లేకుండా తిప్పకూడదు" అనేవాడు. మీట మీద కంపెనీ వాళ్ళు అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. సీట్ల మీది కవర్లూ అలాగే ఉన్నాయి, కూర్చుంటే గరగరమంటాయి. వాన పడితే బండి బయటికి రాదు. దుమ్ము లేస్తే రాదు. ఆఫీసు దగ్గరే కాబట్టి ఆయన నడిచే వెళతాడు.

కొనేటప్పుడు మాత్రం గట్టి కారణమే చెప్పాడు. మా అత్తగారి అక్క, అంటే మా ఆయన పెద్దమ్మ, కొండ మీద ఉంటారు. ఆవిడ ఇంటికి వెళ్ళేటప్పుడు చివర్నంతా మట్టిదారే. వానలు మొదలైతే మామూలు కార్లు సగంలోనే దిగబడిపోతాయి. "అమ్మని పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళాలంటే ఇలాంటి బండే ఉండాలి" అన్నాడు. తల్లి పేరెత్తాక నేనేం మాట్లాడను? ఉన్న చిన్నకారు అమ్మేసి, ముగ్గురం కలిసి షోరూముకి వెళ్ళాం. మా ఆయన టార్చి వేసుకుని బండి కిందికి దూరాడు. నేను దాని అద్దంలో జుట్టు సర్దుకున్నాను. మా అత్తగారు సోఫాలో కూర్చుని "రంగు బాగుందిరా" అన్నారు. ఆవిడని ఒకసారి ఎక్కి చూడమనాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

బండి ఇంటికొచ్చిన రోజు ఆవిడ మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. పిడి మీద చెయ్యి వేసి, తలుపు కింద ఉండే మెట్టు మీద కాలు పెట్టారు. అలా కాసేపున్నారు. కాలు దించేశారు. "నాకు కార్లు పడవురా, కడుపులో తిప్పుతుంది. మీరు వెళ్ళిరండి" అన్నారు. పాత కారులో ఊరంతా చుట్టబెట్టిన మనిషి! మా ఆయన మొహం ఇంతైపోయింది. కొత్త బండి వాసన పడలేదేమోనని నాలుగు తలుపులూ తెరిచి గాలికి పెట్టాడు.

ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా అదే మాట. అక్కడ పెద్దమ్మగారేమో సాయంత్రమైతే ఫోను. ఆవిడ ఫోనులో మాట్లాడితే స్పీకరు పెట్టక్కర్లేదు, వీధి చివరికి వినిపిస్తుంది.

"ఒసే చిన్నదానా, ఎప్పుడొస్తావే?"

"వస్తాలే అక్కా."

"ఎడం కన్ను పూర్తిగా పోయింది. కుడిది కూడా ఎక్కువ రోజులుండదన్నాడు డాక్టరు. మందేం లేదట. ఇంత వెలుగున్నప్పుడే వచ్చి నీ మొహం ఒకసారి చూపించి పోవే తల్లీ."

"వస్తాలే అక్కా."

ఫోను పెట్టేసి మా అత్తగారు వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. తోడబుట్టిన మనిషి అంతలా బతిమాలుతుంటే ఇంత బెట్టు ఎందుకు? ఇద్దరి మధ్యా పాత గొడవలేమైనా ఉన్నాయా అని మా ఆయన్ని అడిగాను. "మా అమ్మకి ఎవరితోనూ గొడవల్లేవు" అన్నాడు. ఆ మాట నా మొహం మీదే అన్నాడు.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను ఫిజియోథెరపిస్టుని. ఈ చుట్టుపక్కల పట్టేసిన మోకాళ్ళన్నీ నా చేతుల మీదుగా పోవలసిందే. మనిషి గుమ్మం దాటి లోపలికొచ్చే తీరు చూసి ఏ కాలో చెప్పేస్తానని నాకు కాస్త గర్వం కూడా ఉంది.

ఒక మధ్యాహ్నం రావలసిన పేషంటు రానంటే పెందలాడే ఇంటికొచ్చాను. మంచినీళ్ళు తాగుతూ వంటింటి కిటికీలోంచి చూస్తే షెడ్డులో మా అత్తగారు. బండి తలుపు తెరిచి ఉంది. కింద స్నానాల గదిలోని ప్లాస్టిక్ స్టూలు. ఆవిడ ఎడమకాలు దాని మీద వేసి పైకి లేచారు. కుడికాలు ఎత్తబోయారు. మోకాలు సగం వంగి ఆగిపోయింది. చేత్తో పట్టి లాగారు. స్టూలు ఊగింది. తలుపు పట్టుకుని నిలదొక్కుకుని, మెల్లగా దిగి, ఆయాసం తీర్చుకుని, మళ్ళీ ఎక్కబోయారు. మళ్ళీ దిగారు. చివరికి వంటగుడ్డతో పిడి మీది వేలిముద్రలు తుడిచేసి, చప్పుడు కాకుండా తలుపు మూసి, స్టూలు చంకలో పెట్టుకుని లోపలికొచ్చారు.

"ఎప్పుడొచ్చావు?" అన్నారు నన్ను చూసి.

"ఇప్పుడే" అన్నాను.

నాకు ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. ఊళ్ళో మోకాళ్ళన్నీ నాకు తెలుసు, ఇంట్లో మోకాలు తెలియదు. తెలియనివ్వలేదు మహాతల్లి. కోడలి ముందు కుంటడం ఆవిడకి నామోషీ. వరండా మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీదా ఆగి మొక్కల వంక చూసేవారు. మొక్కలంటే ఎంత ప్రేమో అనుకునేదాన్ని.

"అత్తయ్యా, ఒకసారి మీ మోకాలు చూడనా?" అన్నాను సాయంత్రం.

"నా మోకాలికేమొచ్చింది? నీకు పేషంట్లు చాలట్లేదా?"

మా ఆయనకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. నేరుగా వెళ్ళి "అమ్మా, నేను ఎత్తి కూర్చోబెడతాను" అన్నాడు.

"నేనేమన్నా సిమెంటు బస్తానా? నన్ను ఎత్తేది ఒక్కసారే. అప్పుడు నలుగురొస్తారు, నాకెలాగూ తెలీదు. అందాకా నా కాళ్ళ మీద నేనెక్కుతాను, లేదా ఎక్కను."

పోనీ ఎక్కడన్నా చిన్నకారు మాట్లాడదామంటే పైన దారంతా బురద. "ఆవిడ ఎక్కగలిగే కారు కొండెక్కదు. కొండెక్కే బండి ఆవిడ ఎక్కలేరు. ఎంత చక్కగా చూసి కొన్నారండీ!" అన్నాను. మా ఆయన భోజనం చేస్తున్నవాడు చెయ్యి ఆపి, "నిజమే" అన్నాడు. బండి అమ్మేద్దామన్నాడు. అని, చెయ్యి కడుక్కుని, వెళ్ళి షెడ్డులో కూర్చున్నాడు. నాకు జాలేసింది గానీ పైకి కనపడనివ్వలేదు.

ఆ తర్వాత వారమంతా వాన. వాన తెరిపిచ్చిన సాయంత్రం పెద్దమ్మగారి ఫోను. ఆ రోజు ఆవిడ గొంతు వీధి చివరికి వినిపించలేదు. పక్కనే ఉన్న నాకే సరిగా వినిపించలేదు.

"పొద్దున అద్దం ముందు నిలబడితే నేనే కనపడలేదే" అన్నారు. "మసగ్గా ఏదో ఉంది. నేనేనని అనుకున్నాను."

మా అత్తగారు 'వస్తాలే అక్కా' అనలేదు. ఫోను పెట్టేశారు. ఆ రోజు గిన్నెలు కూడా కడగలేదు.

మర్నాడు క్లినిక్కులో ఒక ముసలాయన బల్ల ఎక్కలేకపోతే, రోజూ చేసే పనే, కాలితో మీట తొక్కి బల్లని కిందికి దించాను. ఆయన హాయిగా కూర్చున్నాడు. నేను అలాగే నిలబడిపోయాను. బండిని దించలేం. అయితే మనిషి నిలబడే చోటు ఎత్తులో ఉండాలి, అంతే కదా! స్టూలు ఊగుతుంది. ఊగనిది, వెడల్పయినది, ఆవిడ రోజూ తిరిగేది మా ఇంట్లో ఒకటుంది. ముసలాయన మోకాలు నా సహాయకురాలికి అప్పజెప్పి ఇంటికి పరిగెత్తాను.

మా వరండా నేలకి మూడు మెట్ల ఎత్తు. బండి లోపలి అడుగు కూడా దాదాపు అంతే. బండిని వరండా అంచుకి ఆనించి నిలబెడితే ఆవిడ ఎక్కనక్కర్లేదు, పాత కారులో కూర్చున్నట్టే వెనక్కి తిరిగి కూర్చోవచ్చు. చిక్కల్లా ఒక్కటే. షెడ్డుకీ వరండాకీ మధ్య మా అత్తగారి బంతిమళ్ళు, చిక్కుడు పందిరి, టమాటా మొక్కలు. వారం వానకి అదంతా మోకాటిలోతు బురద.

మా ఆయనకి ఫోను చేసి పిలిపించి చెప్పాను.

"మొక్కల్లోంచా?" అన్నాడు. "బురదలోంచా?" అన్నాడు. రెండిట్లో ఏది ఎక్కువ బాధో ఆయన మొహం చూసి చెప్పలేకపోయాను.

"తొక్కించరా" అని వినపడింది వెనకనుంచి. మా అత్తగారు అప్పటికే మంచి బట్టలు కట్టుకుని, చెప్పులేసుకుని, చేతిసంచితో గుమ్మంలో నిలబడి ఉన్నారు. "మొక్కలు మళ్ళీ వేసుకోవచ్చు."

నాలుగు చక్రాలూ ఎందుకు అరగదీయడమని ముందు రెండిటితోనే ప్రయత్నించాడు. బండి బంతిమడిలో దిగబడింది. చక్రాలు గిరగిరా తిరిగి బురదంతా చిమ్మాయి. గోడ మీద పడింది, అద్దాల మీద పడింది, నా మీద పడింది. నా మీద పడ్డదాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆయన దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏదో ప్రమాదస్థలానికి వచ్చినట్టు నిలబడ్డాడు.

"ఏరా, నాలుగూ లాగుతాయని గ్యాస్ అబ్బాయికి కూడా చెప్పావు కదా" అన్నారు మా అత్తగారు. "లాగించు మరి."

ఆయన మళ్ళీ ఎక్కి, గోటితో మీట మీది ప్లాస్టిక్ పొర ఒలిచి, మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మీట తిప్పాడు. పచ్చ లైటొకటి వెలిగింది. బండి ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, పడుకున్న గేదె లేచినట్టు లేచి, బంతిపూలు తొక్కుకుంటూ, చిక్కుడు పందిరి మెళ్ళో వేసుకుని మెల్లగా వచ్చింది. చెప్పకపోతే పాపం, బాగా లాగింది. వరండా పక్కకి వచ్చేటప్పటికి కర్ర్‌మని పెద్ద చప్పుడు. బండి పక్క మెట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా గోడ అంచుకి గీసుకుంది. చప్పుడు విని గీత ఎంత పొడవో చెప్పగల మనిషి మా ఆయన.

"ఏమిట్రా అది?"

"ఏం లేదమ్మా. దగ్గరికొచ్చింది, అంతే" అన్నాడు.

అప్పుడు ఆయన మీద నాకు పుట్టిన ప్రేమ పెళ్ళినాడు కూడా పుట్టలేదు.

తలుపు వరండా మీదుగా రెండు వేళ్ళ ఎడంతో తెరుచుకుంది. మా అత్తగారు వెనక్కి తిరిగి, కూర్చుని, ఎడమకాలు లోపల పెట్టారు. కుడికాలు రాలేదు. రెండు చేతులతో తొడ కింద పట్టుకుని, ఎత్తి, లోపల పెట్టుకున్నారు. నా ఎదురుగానే. నా వంక చూశారు.

"చూస్తావేం, తలుపు వెయ్యి" అన్నారు.

దారిలో చాలాసేపు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. మట్టిదారి మొదలైంది. రెండు చోట్ల కార్లు దిగబడి ఉన్నాయి. మా ఆయన వాటి పక్కనుంచి పోతూ, ఎంత ఆపుకుందామనుకున్నా ఆగక, నవ్వుకున్నాడు. కొండ సగం ఎక్కాక మా అత్తగారు ఇటు తిరక్కుండానే, "అమ్మాయ్, రేపు నీకేమన్నా ఖాళీ ఉంటుందా?" అన్నారు.

"ఉంటుంది అత్తయ్యా."

"ఈ మోకాలు సంగతేమిటో చూద్దువుగాని."

పెద్దమ్మగారి ఇంటి ముందు బండి ఆగింది. ముగ్గురం ఇంటివంక చూశాం. ఆ ఇంటికి వరండా లేదు. మెట్లూ లేవు. వాకిలీ ఇల్లూ ఒకటే ఎత్తు. ఎక్కించడానికి అంత బుర్ర పెట్టినవాళ్ళం, దించడం సంగతి ఒక్కరమూ ఆలోచించలేదు. మా ఇంటిల్లిపాదీ ఇంతే.

పెద్దమ్మగారు గోడ తడుముకుంటూ బయటికొచ్చారు. "వచ్చావుటే? దిగవేం?"

"దిగలేనక్కా" అన్నారు మా అత్తగారు. నా పెళ్ళైన ఇన్నాళ్ళకి ఆవిడ నోట 'లేను' అనే మాట వినడం అదే మొదటిసారి. "మోకాలు."

"మోకాలే కదా, ఆ మాట ముందే ఏడవచ్చుగా! పట్టుకునేదేదీ?"

ఆవిడ చేతిని పిడి మీద పెట్టాను. ఒక్క ఊపులో ఎక్కి చెల్లెలి పక్కన కూర్చున్నారు. ఆవిడకి చూపు ఆనదు గానీ మోకాళ్ళున్నాయి. కూర్చోగానే మొహం చిట్లించి, "ఈ గరగరలేమిటే?" అని సీటు మీది ప్లాస్టిక్ కవరు పట్టి పర్రున చించి బయట పారేశారు. మా ఆయన ఒకడుగు ముందుకు వేశాడు. ఆగాడు.

పెద్దమ్మగారు చెల్లెలి మొహాన్ని రెండు చేతులా పట్టుకుని కిటికీ వైపు తిప్పారు. కుడికన్ను దగ్గరికి, ఇంకా దగ్గరికి తెచ్చుకున్నారు. నుదురు చూశారు, ముక్కు చూశారు, గడ్డం ఎత్తి చూశారు.

"ముసలిదానివైపోయావే" అన్నారు.

"నీ కన్ను బాగాలేదు కదక్కా. అందుకే అలా కనిపిస్తున్నాను."

"అంతేలే" అన్నారు పెద్దమ్మగారు. చేతులు మాత్రం తియ్యలేదు.

మేమిద్దరం వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాం. బండి నిండా బురద, మెళ్ళో చిక్కుడు తీగ, పక్కన పొడుగాటి గీత. మా ఆయన చినిగిన కవరు తెచ్చి ఒళ్ళో పెట్టుకుని అదే పనిగా మడతలు పెడుతున్నాడు. అవతల బండిలో మాటలు ఆగితే ఏడుపు, ఏడుపు ఆగితే నవ్వు. చాలాసేపటికి నేనే అన్నాను.

"చీకటి పడేలోగా కొండ దిగాలి కదండీ. పిలవనా?"

మా ఆయన ఆకాశం వంక చూశాడు.

"ఇంకా కాస్త వెలుగుందిలే" అన్నాడు. "చూసుకోనీ."