బెత్తెడు పక్కకి

పిడుగుకి కోపమొస్తే ఎదురుగా ఉన్నది మనిషా, గోడా అని చూడడు. మాంసం కొట్టు పెట్టిన ముప్పై ఏళ్ళలో ఆయన చేతి దెబ్బ రుచి చూడనివాడు ఆ వీధిలో తక్కువ. అందరికంటే ఎక్కువ తిన్నది సొంత తమ్ముడే.

అలాంటి మనిషికి పార్కిన్సన్స్ జబ్బు పట్టుకుంది. ఊరికే కూర్చుంటే కుడిచెయ్యి వణికేది. కత్తి ఎత్తగానే మాత్రం ఆ వణుకు ఎటు పోయేదో! "చూశారా, నా జబ్బుకి మందు ఇదే" అని కత్తి చూపించి మీసం దువ్వేవాడు. ఇదిలా ఉండగా నాలుగు నెలల కిందట ఇంకో గోల మొదలైంది. దూరంగా ఉన్నవి బాగానే కనబడేవి, దగ్గరికొచ్చేసరికి ప్రతిదీ రెండు. రెండు గ్లాసులు, రెండు చెంచాలు. మొద్దు మీద మేక కాలు పెడితే రెండు కీళ్ళు. డాక్టరుకి చెబితే కత్తి పట్టొద్దంటాడు. కత్తి లేకపోతే పిడుగేంటి, వట్టి ఉరుము! చచ్చినా చెప్పకూడదనుకున్నాడు.

ఉపాయం తనే కనిపెట్టాడు. కాలుని మొద్దు మీద అడ్డంగా పరిచి, ఎడమపక్క నిలబడి దాని కొస పట్టుకునేది తమ్ముడు. కీలుకీ తమ్ముడి వేళ్ళకీ మధ్య బెత్తెడు దూరం. అన్న "ఊ" అంటాడు, కత్తి దిగుతుంది. మొదటిరోజు పిడుగు గుండె చిక్కబట్టుకుని కుడివైపు కనిపించే కీలు మీద కొట్టాడు. ఠక్కున తెగింది. అంతే! కుడిది నిజం, ఎడమది అబద్ధం. తన తెలివికి తనే మురిసిపోయాడు.

నాలుగు నెలలు ఇలాగే నెట్టుకొచ్చాక, ఒకరోజు మధ్యాహ్నం హోటల్ వంటవాడు మాంసం సంచీ తెచ్చి మొద్దు మీద విసిరికొట్టాడు.

"నిండా ఎముక పెంకులే! మా హోటల్లో తినేవాడి పన్ను విరిగింది. కళ్ళు దొబ్బాయా ముసలాయనా?"

అది నిన్న తమ్ముడు టీకి వెళ్ళినప్పుడు పిడుగొక్కడే కొట్టిన మాంసం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలుసు కాబట్టే ఒళ్ళు మండిపోయింది. బల్ల దాటి ఒక్క దూకు దూకాడు. కళ్ళముందు వంటవాళ్ళు ఇద్దరయ్యారు. కుడిదేగా నిజం! కుడి మొహం మీద బలంకొద్దీ గుద్దాడు. పిడికిలి గోడకి తగిలి తోలు లేచిపోయింది. వంటవాడు ఆయన చొక్కా పట్టి లాగి, తూకపు రాయితో ఎడమకన్ను మీద ఒక్కటిచ్చాడు. పిడుగు కూలబడితే డొక్కలో తన్నాడు, మళ్ళీ తన్నాడు. తమ్ముడు వెనకనుంచి వాడి మెడ ఒడిసిపట్టి, తలని తలుపుకేసి రెండుసార్లు బాది, రోడ్డు మీదికి ఈడ్చేశాడు.

"గోడని కొట్టావేంటన్నా?" అన్నాడు రొప్పుతూ.

"నా గోడ, నా ఇష్టం! పనిచూడు."

ఎడమకన్ను బూరెలా ఉబ్బి మూసుకుపోయింది. మొద్దు దగ్గరికొచ్చి చూసిన పిడుగు నిర్ఘాంతపోయాడు. కాలు ఒక్కటే! కీలు ఒక్కటే! ఆ దెబ్బ కొట్టినవాడి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

"ఇవాళ్టికి వద్దన్నా, నెత్తురు కారుతోంది."

"నోర్మూసుకుని పట్టుకో."

తమ్ముడు పట్టుకున్నాడు. పిడుగు "ఊ" అన్నాడు. కనిపించిన ఆ ఒక్క కీలు మీద, గురిచూసి, తిన్నగా కొట్టాడు.

తమ్ముడి వేళ్ళు రెండు తెగి మొద్దు మీద పడ్డాయి.

తమ్ముడు చెయ్యి కడుపుకి అదుముకుని, పాలిపోయిన మొహంతో అన్నకేసి చూశాడు.

"ఇవాళ తిన్నగా కొట్టావేంటన్నా?"

"తిన్నగా కొట్టక?"

"నాలుగు నెలలుగా నీ కత్తి బెత్తెడు కుడికే పడుతోంది. మొదటిరోజు నువ్వు గురిచూసినప్పుడే కనిపెట్టా. నువ్వు 'ఊ' అనగానే కాలుని నేనే కుడికి నెడుతున్నా. చెబితే చంపేస్తావని చెప్పలేదు."

పిడుగుకి అప్పుడు తెలిసింది. కుడిది ఏనాడూ నిజం కాదు. తమ్ముడే రోజూ దాన్ని నిజం చేశాడు, కత్తి కింద తన చేతిని జరిపి మరీ. తువ్వాలు తీసి ఆ చేతికి చుట్టబోయాడు, వేళ్ళు గడగడా వణికి ముడి పడలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. కత్తి తీసి తమ్ముడి కుడిచేతిలో కుక్కి, తన చేతిని మొద్దు మీద చాచాడు.

"నరుకు! నా చెయ్యీ నరుకు! నరకరా!"

తమ్ముడు కత్తి అవతలకి గిరాటేసి, అన్న చెంప ఛెళ్ళుమనిపించాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"నా వేళ్ళు ఏరి ఐసులో పెట్టు. ఆస్పత్రికి పద. అక్కడ నీ కళ్ళ సంగతి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

పిడుగు చెంప తడుముకున్నాడు. వంగి, ఒక్క కంటితో వెతికి, రెండు వేళ్ళూ ఏరాడు.

"నేనే చెప్తాన్రా" అన్నాడు.